పేరు అనే గడి

"మనకి ఎంతమంది ఆడపిల్లలే?" అని మా ఆయన అడిగినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అంతకుముందు నెలన్నరగా పడుతున్నది కంగారు మాత్రమేనని అప్పుడు తెలిసింది.

"ఒక్కర్తే కదా," అన్నాను.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. నా మొహంలోకి చూసి, నువ్వు అబద్ధం చెప్తున్నావు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఆరుగురు. నేను లెక్కపెట్టేను. ఒకర్తి అప్పుడే నడక నేర్చుకుంటోంది. ఒకర్తి సైకిలు తొక్కుతోంది. ఒకర్తికి చెయ్యి విరిగి కట్టు కట్టేరు. అందరిదీ ఒకటే మొహం. ఇందులో మన పిల్ల ఏదే? మిగతావోళ్లు ఎవరి పిల్లలు? వాళ్లమ్మలు వెతుక్కోరా?"

ఎవరి పిల్లల్నో ఎత్తుకొచ్చి దాచామని ఆయన అనుమానం. తప్పు ఆయనది కాదు. ఆ ఆరుగురినీ తయారుచేసింది నేను.

నా పేరు జగదాంబ. విశాఖపట్నంలో ఈ పేరు పెట్టుకుని బతకడం అంత సరదా ఏమీ కాదు, జగదాంబ జంక్షన్‌కి రమ్మని రోజుకి వెయ్యిసార్లు ఆటోవాళ్లు మన పేరు కేకేస్తూ ఉంటారు. గోపాలపట్నంలో నాకు చిన్న కొట్టు ఉంది. శుభలేఖలు, పెళ్లి వీడియోలు, ఫ్లెక్సీలు. పెళ్లికూతురి చుట్టూ గులాబీ రేకులు రాలడం, పెళ్లికొడుకు మబ్బుల్లోంచి నడిచి రావడం, ఇలాంటి ఘనకార్యాలన్నీ ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లో నా చేతుల మీదుగా జరిగాయి. లేయర్లు తెలుసు, టైమ్‌లైన్ తెలుసు. కాపీ కొట్టి పేస్ట్ చెయ్యడంలో మా పేటలో నన్ను మించినవాళ్లు లేరు. ప్రోగ్రామింగ్ మాత్రం తెలీదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

మా ఆయన పైడిరాజు పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఒకరోజు ఇనుప తాడు తెగి, క్యాబిన్ అద్దం పగలగొట్టుకుని వచ్చి తలకి తగిలింది. ఒళ్లు త్వరగానే కోలుకుంది. మాట ఉంది, చూపు ఉంది, లెక్కలు వస్తున్నాయి. మనుషులు మాత్రం పోయారు. ఎవరు తనకి ఏమవుతారన్న సంగతి ఒక్కటే తుడిచిపెట్టుకుపోయింది. నన్ను నర్సు అనుకున్నాడు. పోనీ మంచి నర్సు అనుకున్నాడా అంటే అదీ లేదు, నోటి దురుసు నర్సు అనుకున్నాడు.

అందుకే రుషికొండ దాటాక కొండవాలులో ఉన్న ఒక ప్రయోగశాలకి తీసుకొచ్చాం. అక్కడి డాక్టర్ సుదర్శన్‌గారు 'అల్లిక' అనే సాఫ్ట్‌వేర్ కనిపెట్టారు. చూడ్డానికి అది నా పెళ్లి వీడియోల సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది. మధ్యలో వేదిక, కింద టైమ్‌లైన్, పక్కన బొమ్మలు. తేడా ఏమిటంటే, వేదిక మీద మనం పెట్టింది టోపీ పెట్టుకుని మగతగా పడుకున్న మనిషి తల్లోకి వెళ్తుంది. లోపల చెల్లాచెదురుగా పడి ఉన్న జ్ఞాపకాలు వచ్చి దానికి అతుక్కుంటాయి. వెదురుబద్దల చట్రం మనం కడతాం, దాని మీద మట్టి రోగిదే. ఆయన ఏ వీధిలో సైకిలు వెనకాల పరుగెత్తాడో ఇంజనీర్లకి తెలీదు కాబట్టి ఆ చట్రం ఇంటివాళ్లే కట్టాలి. ఆడించిన దృశ్యం ముప్పై గంటల్లో గట్టిపడుతుంది. ఆ లోపల మార్చుకోవచ్చు. తర్వాత డాక్టర్‌గారు కూడా ఏమీ చెయ్యలేరు.

ముందు మా పెళ్లి దృశ్యం ఒక్కటి కట్టాను, నర్సు పోయి పెళ్లాం వచ్చింది. తర్వాత మా పాపవి ఆరు దృశ్యాలు కట్టాను. అలవాటు ప్రకారం ప్రతిదాంట్లోనూ దాని బొమ్మని కాపీ కొట్టి పెట్టాను. ఆరు కాపీలంటే ఆయన మెదడుకి ఆరుగురు మనుషులు.

"ఆడించి ఇరవై గంటలైంది అక్కా," అంది ఫరీదా. కడప అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి, అల్లికలో ప్రోగ్రామింగ్ అంతా తనే చూస్తుంది. "సాయంత్రం ఆరు లోపల మార్చల్ల. లేకుంటే ఆరుమందీ అట్లనే నిలబడిపోతారు. మీరు ఈ పొద్దే క్లాసులు నేర్చుకోవల్ల."

"నలభై మూడేళ్లొచ్చేయి. ఇప్పుడు నాకు క్లాసులేటమ్మా?"

"బడిలో క్లాసులు కాదక్కా." తను నవ్వలేదు. గడియారం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ కొట్లో శుభలేఖ ఎట్ల చేస్తారు? ప్రతి పెళ్లికీ మళ్లీ మొదట్నుంచీ గీస్తారా?"

"గియ్యను. ఖాళీది ఒకటి ఉంటాది. పెళ్లికూతురి పేరు దగ్గర ఖాళీ గడి, పెళ్లికొడుకు దగ్గర ఖాళీ గడి, ముహూర్తం దగ్గర ఖాళీ గడి. పెళ్లివారొచ్చేక నింపుతాం."

"ఆ ఖాళీ శుభలేఖే క్లాస్. నింపినది ఆబ్జెక్ట్. నింపినదాన్ని వెయ్యిమంది చుట్టాలకి పంచినా పెళ్లి ఒకటే కదా? మీరేం చేసినారంటే, చుట్టం చుట్టానికీ ఒక కొత్త పెళ్లి చేసినారు."

ఇంత తేలిక సంగతి ఇరవై ఏళ్లు ఎవరూ నాకు చెప్పలేదేమని కోపం వచ్చింది. ముందు 'మనిషి' అని ఒక క్లాస్. అందులో గడులు: పేరు, మొహం, గొంతు, నడక. చెయ్యగల పనులు: నవ్వు, పిలువు, రా, వెళ్లు. దాన్నుంచి పాపకి ఒక్క ఆబ్జెక్ట్. ఆరు దృశ్యాల్లోనూ ఆ ఒక్కదాన్నే చూపించాలి. వయసు గడి మారుతుంది, మనిషి మారదు. మధ్యాహ్నం రెండింటికల్లా నా వేళ్లకి పట్టుబడింది.

"ఓణీల ఫంక్షన్ కార్డు, గృహప్రవేశం కార్డు ఉంటాయి కదక్కా," అంది ఫరీదా. "వాటికి పైన వినాయకుడు, చుట్టూ అంచు మళ్లీ గీస్తారా?"

"ఎందుకు గీస్తాను? అవి పెళ్లి కార్డు నుంచే వచ్చీసేలా పెట్టుకున్నాను."

"అది వారసత్వం. పైక్లాస్‌లో ఉన్నదంతా కిందక్లాస్‌కి దానంతటదే వస్తుంది. పైన ఏం మార్చినా కింద కూడా మారుతుంది. అది మాత్రం జాగ్రత్త."

ఆ సంగతి నాకు ఒకరు చెప్పాలా. ఒకసారి ముహూర్తాన్ని ఖాళీ కార్డులోనే రాసేసి, మూడు పెళ్లిళ్లని ఒకే లగ్నానికి తేబోయాను. మూడు పెళ్లివారూ ఒకేసారి కొట్టు మీదికి వచ్చారు. అంత బుద్ధి వచ్చాక మళ్లీ ఆ తప్పు చేస్తానా అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారు పోయిన ఏడాదికి మా పాప పుట్టింది. పుట్టగానే అందరూ ఆవిడే మళ్లీ వచ్చిందన్నారు. ఆవిడ పేరే పెట్టాం. పెట్టడమే గాని పిలిచింది లేదు. కన్నతల్లి పేరు పెట్టి కేకెయ్యడానికి ఆయనకి నోరు రాలేదు. అత్తగారి పేరు పలకడం నాకూ అలవాటు లేదు, ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నా నోట రాలేదు. కాలేజీలో దాన్ని రత్న అంటారు. నేను పాపా అంటాను. ఆయన అమ్మా అంటాడు. పాప నన్ను అమ్మా అంటుంది. మా ఇంట్లో ఎవరైనా అమ్మా అని పిలిస్తే గోడ మీద ఫొటోతో కలిపి ముగ్గురం పలకాలి.

ఆయన చిన్నతనం దృశ్యాల కోసం అత్తగారిది 'అమ్మ' అని ఒక క్లాస్ ఆ మధ్యాహ్నమే ముందుగా రాసి ఉంచాను. పేరు గడిలో ఆవిడ పేరు కొట్టడానికి వేళ్లు రాక, అక్కడా అమ్మ అనే రాశాను. ఎడమచేతి వాటం, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, మడమ నేలకి ఆనకుండా నడవడం, అన్నీ అందులో ఉన్నాయి. మా పాపకీ అవే. అప్పటికే గడియారం నా పీక మీద కూర్చుని ఉంది. అందుకని పాపకి విడిగా రాయడం మానేసి ఒక్క లైను రాశాను:

క్లాస్ పాప : అమ్మ

దానితో అన్నీ వచ్చేశాయి. పేరు గడి ఖాళీగా వదిలితే అందులోకి కూడా పైనుంచి 'అమ్మ' వచ్చి కూర్చుంది. ఆయన పిలిచేది ఎలాగూ అదే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫరీదా ఆ లైను చూసి ఆగింది. "కూతురి క్లాస్ అమ్మ కింద ఎందుకు పెట్టినారు? ఇద్దరూ మనిషి కింద వేరే వేరేగా ఉండల్ల కదా."

"ఇద్దరిదీ ఒకటే నడక, ఒకటే నవ్వు. మళ్లీ రాయాలంటే ఆరైపోతాది. పైగా ఇద్దర్నీ ఆయన అమ్మా అనే పిలుస్తాడు."

"కూతుర్నా?"

"మా ఇళ్లలో అంతేనమ్మా. మీ నాన్న నిన్నేటంటాడు?"

"అమ్మీ అంటాడు," అంది తను. ఇంకేదో అనబోయి గడియారం చూసింది. అయిదూ పది. "సరే అక్కా. ఆడించేద్దాం."

మర్నాడు పదకొండింటికి పాప అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది, మళ్లీ ఇంకోసారి కూతురిగా కాక ఎవరో ఆడపిల్లగా లోపలికి రావడానికి దానికి ధైర్యం చాలలేదు. ఆయన తలెత్తి చూశాడు.

"వచ్చీసేవా అమ్మా? ఇంత ఎండలో గొడుగు లేకుండా వచ్చేవేటి?"

పాప క్యారేజీ బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్లి ఏడ్చింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడవడానికి నాకు వరండాలు అక్కర్లేదు. మీకు ఒక్కర్తే కూతురా అని సుదర్శన్‌గారు అడిగితే, "మరెంతమందుండాలి?" అని ఆయన డాక్టర్‌గారినే గదమాయించాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మూడో రోజు నుంచి ఆయన వాళ్లమ్మ కోసం అడగడం మొదలుపెట్టాడు. ఈమధ్యలో ఆడించిన ఆయన చిన్నతనం దృశ్యాల్లో ఆవిడ ఉంది, బతికే ఉంది. "మా అమ్మ భీమిలి నుంచి రాలేదేటి? నాకు దెబ్బ తగిలిందని చెప్పలేదా ఆవిడికి?" పోయింది కదా అని చెబితే అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయేవాడు. గంట గడిచేసరికి మళ్లీ అడిగేవాడు. నోటిమాటతో చెప్పింది నిలవడం లేదు. రోజుకి నాలుగుసార్లు తల్లి పోయిన వార్త వినే మనిషిని చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. చెప్పడం మానేశాం. చెప్పకపోతే తనే బయల్దేరాడు. ఒకసారి గేటు దగ్గర పట్టుకున్నారు. రెండోసారి భీమిలి రోడ్డు మీద లారీ బ్రేకు వేసిన చప్పుడు విని అందరం పరుగెత్తాం.

"ఆవిడ మరణం కూడా అల్లాలమ్మా," అన్నారు సుదర్శన్‌గారు. "దృశ్యంగా ఇస్తేనే నిలుస్తుంది. కష్టమే, కాని ఒక్కసారే ఏడుస్తారు."

శనివారం ఉదయం ఆడించాలనుకున్నాం. ఆస్పత్రి మంచం, భీమిలి ఒడ్డు, ఆయన భుజం మీద కుండ. అవన్నీ కట్టడం వచ్చింది. 'మనిషి' క్లాస్‌లో 'ఉంది' అని ఇంకో గడి చేర్చి, చివర అత్తగారికి దాన్ని 'లేదు' అని మార్చాలి. మా ఆయనకి ఉన్నది ఒక్కర్తే తల్లి. ఆవిడకి విడిగా ఆబ్జెక్ట్ ఎందుకని నేను మొదట్నుంచీ చెయ్యనే లేదు, అంతా క్లాస్‌లోనే నడిపించాను. 'లేదు' అన్నదీ అక్కడే రాశాను. ఫరీదా ఒకసారి చూస్తానంది. "రెండు లైన్లేనమ్మా, ఇంకా నీకెందుకు శ్రమ," అన్నాను. నాకు క్లాసులు వచ్చేశాయి కదా.

పదింటికి ఆడించాం. ఆయన మగతలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. కుడిచెయ్యి మంటకి అడ్డం పెట్టుకున్నట్టు మొహం మీదికి వచ్చింది. లేచాక నెమ్మదిగా, స్పష్టంగా, "మా అమ్మ పోయిందే," అన్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. గంట గడిచింది. మళ్లీ అడగలేదు. రెండో గంటా గడిచింది. సుదర్శన్‌గారు వచ్చి నా భుజం తట్టి వెళ్లారు.

ఒంటిగంటకి పాప వచ్చింది.

దాన్ని చూడగానే ఆయన నోట్లో ముద్ద కిందపడింది. మంచం మీద వెనక్కి వెనక్కి జరిగాడు, వీపు గోడకి తగిలేదాకా. అరవలేదు. అరిచినా బాగుండేది. చాలా మెల్లగా, బతిమాలుతున్నట్టు మాట్లాడాడు.

"నేనే కదమ్మా నిన్ను కాల్చీసేను. నా చేత్తోనే కదమ్మా. మళ్లీ ఎందుకొచ్చేవు?"

పాప ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. క్యారేజీ దాని చేతిలోనే ఉంది. అది నా మొహంలోకి చూసింది. నా మొహంలో సమాధానం ఉండే ఉంటుంది.

ఫరీదా తెర మీద ఆ లైను మీద వేలు పెట్టింది. క్లాస్ పాప : అమ్మ. పైన 'లేదు' అని రాస్తే కింద కూడా 'లేదు' అయింది. మూడు పెళ్లిళ్లని ఒకే లగ్నానికి తెచ్చినట్టే, బామ్మనీ మనవరాలినీ ఒకే చితి మీద పెట్టాను. ఈసారి కొట్టు మీదికి వచ్చి తిట్టడానికి పెళ్లివారు లేరు. ఎవరైనా వచ్చి తిడితే బాగుండుననిపించింది.

"ఆ లైను కొట్టేద్దాం," అన్నాను. "ఇప్పుడే విడదీసి రాసీ."

"ఇక్కడ కొట్టేస్తే ఇక్కడే పోతుందక్కా. ఆయన తలలో ఆ లైను పదిరోజుల కిందే గట్టిపడింది. ఆయనకి వాళ్లిద్దరూ ఒకే కొమ్మ. ఈ పొద్దు ఆడించిన చావు ఒక్కటే ఇంకా పచ్చిగా ఉంది. రేపు నాలుగింటిదాకా."

"అయితే ఆ చావు తీసీమ్మా."

సుదర్శన్‌గారు అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. "తీసెయ్యచ్చు. అప్పుడు మీ అమ్మాయి మళ్లీ అమ్మ అవుతుంది. వాళ్లమ్మ మళ్లీ భీమిలిలో బతికే ఉంటుంది. ఒకే చోట రెండుసార్లు అల్లడం కుదరదు, ఇంక ఆవిడ పోయిందన్న సంగతి ఎప్పటికీ నిలవదు. ఆయన జీవితాంతం ఆ రోడ్డెక్కుతూనే ఉంటారు."

"రెండో దారి?"

"చావుని ఉండనివ్వాలి," అంది ఫరీదా. తను పాప వైపు చూడకుండా చెప్పింది. "అమ్మ అన్న పేరు మీద ఉన్నదంతా దాంతోనే పోతుంది. ఆ ఆరు దృశ్యాలూ. రత్నని కొత్తగా కట్టల్ల, మనిషి క్లాస్ నుంచి నేరుగా. అదే మొహం, వేరే పేరు. నాలుగు లోపల ఇంకో ఆబ్జెక్ట్ ఆ మొహాన్ని పట్టుకోకపోతే, ఆ మొహం కూడా చచ్చిపోయినదాని కిందికే పోతుంది."

"వద్దు," అన్నాను. "నేను గేటుకి తాళం వేసుకుంటాను. రాత్రీ పగలూ నేనే కాపలా కూచుంటాను. చావు తీసీండి."

"అమ్మా," అంది పాప. "నాన్న రోజూ గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, నేను అమ్మనైతే ఏటి, కాకపోతే ఏటి?"

"సైకిలు నేర్పింది పోతాదే. నీ చెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రిదాకా ఎత్తుకుని పరుగెత్తింది పోతాది."

"నాకు గుర్తుంది కదా. ఒకరికుంటే చాలు." ఫరీదా వైపు తిరిగింది. "కొత్తగా కట్టండి ఫరీదక్కా. పేరేం కావాలి?"

పాప అని పెడదామంటే కుదరలేదు. అది నా పిలుపు, ఆయన ఎప్పుడూ అలా పిలవలేదు. రత్న అన్నదీ అంతే, దానికి అతుక్కోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆయన లోపల ఉండాలి, కాని ఇంకెవరికీ అతుక్కుని ఉండకూడదు, అలాంటి మాట కావాలంది ఫరీదా. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటినా పేరు గడి ఖాళీగానే ఉంది. నాలుగింటికి ఇంక నాలుగు గంటలు కూడా లేవు.

పాప తన సంచీలోంచి ఒక కాగితం తీసింది. పదో తరగతి మార్కుల లిస్టు జిరాక్సు. మూలలు నల్లగా, మడతల దగ్గర చిరిగి ఉంది. "క్రేన్ క్యాబిన్‌లో నాన్న సామాను పోర్టువాళ్లు ఇచ్చేరు కదా, అందులో ఉంది. అద్దానికి అతికించుకున్నాడంట. పైకి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించీవాడంట."

ఆ కాగితం మీద పేరు ఉంది. మా అత్తగారి పేరు. ఆవిడకి చదువు లేదు, జీవితమంతా వేలిముద్ర వేసింది. ఆ పేరు నోటితో పిలిస్తే అత్తగారిది. కాగితం మీద రాస్తే అది ఎప్పుడూ మా పాపదే. క్యాబిన్‌లో కూర్చుని మూడేళ్లు ఆయన దాన్ని చూశాడు, ఒక్కసారీ పైకి పలకలేదు.

"బామ్మ పేరు ఆ అమ్మ క్లాస్‌లో లేదా?" అని ఫరీదా గబగబా వెతికింది. లేదు. ఆ రోజు నాకు వేళ్లు రాక అక్కడ అమ్మ అని రాశాను. నా కోడలి మర్యాదే ఇంత నాశనం తెచ్చింది, ఆ మర్యాద వల్లే ఒక పేరు ఎవరూ ముట్టుకోకుండా మిగిలింది.

"కొట్టండక్కా," అని ఫరీదా కీబోర్డు నా ముందుకి తోసింది. "కట్టేవాళ్ల చేత్తోనే పడల్ల."

వేళ్లు కీబోర్డు మీద పెట్టాను. రెండేళ్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేపల పులుసు నేర్పిన మనిషి. తప్పయితే క్షమించు అత్తా అనుకున్నాను. ఒక్కో అక్షరమే కొట్టాను.

పేరు : నూకరత్నం

రెండూ పదికి టోపీ పెట్టాం. ఎత్తున క్రేన్ క్యాబిన్, కింద ఓడలు, అద్దం మీద కాగితం, కాగితం వెనక నుంచి నడిచి వచ్చే అమ్మాయి. దానికి కొత్త నడక రాయలేక, దాని నడకే మళ్లీ మొదట్నుంచీ రాశాను, కాపీ కొట్టకుండా. మూడూ నలభైకి దృశ్యం అయిపోయింది. టోపీ తీశారు. ఇరవై నిమిషాలు.

"నేను నిలబడతాను," అని పాప మంచం ఎదురుగా వెళ్లి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకుంది. మూడూ యాభైకి ఆయన కళ్లు తెరిచాడు. దాన్ని చూశాడు. నేను నా పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన నుదురు ముడిపడింది, వీపు గోడ వైపు జరగబోయింది. ఆగింది. దూరంలో ఉన్న బోర్డు చదివేటప్పుడు చేసినట్టు కళ్లు చికిలించాడు.

"నూకరత్నం," అన్నాడు.

పాప వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, ఎవర్నో పిలిచినట్టు. పంతొమ్మిదేళ్లలో ఆ గొంతుతో దానికి అది పిలుపు కాదు.

"నిన్నే నూకరత్నం. ఎప్పుడొచ్చేవు? పరీక్షలో మేథ్స్‌కి తొంభై మూడు కదా నీకు?"

"అవును నాన్నా," అంది. "తొంభై మూడే."

నాలుగైంది. సుదర్శన్‌గారు గడియారం వైపు చూసి, ఇంక చూడక్కర్లేదన్నట్టు వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. ఫరీదా వరండాలోకి వెళ్లి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. ఎందుకు చేశావని ఆయన అడిగాడట, ఊరికే అందట.

ఇంటికి వచ్చి ఇప్పటికి మూడు నెలలు. ఆయన భీమిలి రోడ్డెక్కలేదు. వాళ్లమ్మ ఫొటోకి రోజూ దండం పెట్టుకుంటాడు. కూతురి మీద ప్రేమకి లోటు లేదు. గొడుగు తీసుకెళ్లమంటాడు, తిన్నావా అంటాడు, ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్లి నిలబడతాడు. అన్నీ పేరు పెట్టి, మూడిళ్ల అవతలికి వినబడేలా. పక్కింటి పెద్దావిడ ఒకరోజు నాతో, "కన్నతల్లి పేరు అలగ కేకేస్తాడేటే మీ ఆయన, బొత్తిగా భయం లేకుండా," అంది. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి అంతేనండి అన్నాను. నేను కొట్లో ఇప్పుడు ప్రతి శుభలేఖా విడివిడిగా చేస్తున్నాను. దేన్నీ దేని కిందా పెట్టడం లేదు. పని రెట్టింపైంది, అవనీ.

మొన్న ఆదివారం నేను బియ్యం ఏరుతున్నాను. పాప వంటింట్లో పులుసు కలుపుతోంది. ఆయన వీధిలోంచి వస్తూ చూసుకోక కాలివేలు గడపకి కొట్టుకున్నాడు.

"అమ్మా," అని మూలిగాడు.

వంటింట్లో గరిటె కిందపడింది. "ఆఁ నాన్నా, వచ్చేస్తన్నాను," అంటూ పాప పరుగెత్తుకొచ్చింది. మడమలు నేలకి ఆనడం లేదు. మొహం ఎలా వెలిగిందో నేను చూశాను, చూడకపోతే బాగుండేది. గుమ్మం దగ్గర ఆయన ముందు నిలబడి ఆయాసపడుతోంది.

ఆయన వేలు పట్టుకుని కూర్చున్నవాడు తలెత్తి చూశాడు. "నిన్ను కాదు నూకరత్నం," అన్నాడు ప్రేమగానే. "దెబ్బ తగిల్తే అన్నాను. నువ్వెళ్లి పులుసు చూసుకో."

"సరే నాన్నా," అంది. కాని వెళ్లలేదు. ఆయన పక్కన గడప మీద కూర్చుని, ఎడమచేత్తో ఆ వేలు పట్టుకుని రాసింది, నొప్పి తగ్గేదాకా.